నేను తప్పుగా చదివిన ఉత్తరం: నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల దాకా

నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి మీదుగా గద్వాల పోవాలంటే ఎంతసేపు పడుతుంది, ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలి అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను ఆ దారిన పోయింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, జరీ చీరలు కొనడానికీ కాదు. వైశాఖ మాసంలో గద్వాలలో ఒక ఇంగ్లీషు ఉత్తరం చదివి, అందులో లేని అర్థం చెప్పి వచ్చాను. శ్రావణంలో ఆ సంగతి ఒప్పుకోవడానికి మళ్ళీ పోయాను. దారి వివరాలు అడిగినవాళ్ళకు పనికివస్తాయి కాబట్టి రాస్తున్నాను. మిగతాది రాయకుండా దారి ఒక్కటే రాయడం నాకు చేతకాలేదు.

నేను నాగర్‌కర్నూల్‌లో మిడిల్ స్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. కచేరీలోనూ బడిలోనూ అంతా ఉర్దూ నడిచే ఈ రాజ్యంలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడికి కొంచెం గౌరవం ఎక్కువ. ఆ గౌరవం నాకు బాగా అలవాటైంది. జనం తరచుగా తప్పుగా వాడే ఇంగ్లీషు మాటలు, వాటి అసలు అర్థాలు పెద్ద కాగితం మీద రాసి తరగతి గోడకు అంటించాను. గుడ్ నైట్ అనేది సెలవు తీసుకునేటప్పుడు అనే మాట, ఎదురుపడ్డప్పుడు అనేది కాదు. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. మనిషి పేరుకు ముందు లేట్ అని రాస్తే ఆలస్యంగా వచ్చాడని కాదు, చనిపోయాడని. కచేరీ గుమాస్తాలు కూడా వచ్చి ఆ కాగితం చూసి పోయేవాళ్ళు. నేను పక్కన నిలబడి వివరించేవాణ్ణి.

వైశాఖంలో సెలవులకు గద్వాలలో మా అక్క ఇంటికి పోయాను. పక్క వీధిలో ఈరన్న అనే మగ్గం పనివాడు ఉన్నాడు. యుద్ధం వల్ల నూలు దొరక్క ఆయన మగ్గం ఆగిపోయింది. ఒక్కగానొక్క కొడుకు తిమ్మప్ప బట్టల మిల్లులో పని వెతుక్కుంటూ బొంబాయి పోయాడు. అక్కడ జ్వరం పట్టి దవాఖానలో చేరాడని ముందు ఒక కార్డు వచ్చింది. ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఈరన్న, ఆయన కోడలు సవారమ్మ దాన్ని పట్టుకుని మా అక్క ఇంటికి వచ్చారు.

రాసింది అక్కడి తెల్ల నర్సు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడు వారాలు బాధపడి మీ అబ్బాయి ఇప్పుడు అట్ రెస్ట్ అని రాసింది. విశ్రాంతిగా ఉన్నాడని చెప్పాను. నొప్పి అంతా దాటిపోయిందనీ, ఇప్పుడు బెటర్ ప్లేస్‌లో ఉన్నాడనీ రాసింది. నొప్పి తగ్గింది, ఇంకా మంచి చోటికి మార్చారు అని చెప్పాను. గురువారం పొద్దున లెయిడ్ టు రెస్ట్ అని ఉంది. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాను. లెయిడ్ అంటే పడుకోబెట్టారు, రెస్ట్ అంటే విశ్రాంతి. అది కూడా అట్లాగే చెప్పాను. అతని సామాను మా దగ్గర భద్రంగా ఉందనీ, మీకు భగవంతుడు ధైర్యం ఇవ్వాలనీ చివర రాసి ఉంది. అదేదో ఆశీర్వాదం అనుకున్నాను. సవారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది. ఆ మధ్యాహ్నం మా అక్క ఇంటికి బెల్లం అన్నం పంపించింది. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

శ్రావణంలో ఒక ఆదివారం రేపటి పాఠం ముందుగా చూసుకుంటున్నాను. కథలో ఒక ముసలామె చనిపోతుంది. ఆ వెంటనే ఉన్న వాక్యంలో, ఆమెను భర్త పక్కన లెయిడ్ టు రెస్ట్ అని ఉంది. మొదట చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. రెండోసారి చదివేసరికి గద్వాలలో చదివిన ఉత్తరం గుర్తొచ్చింది. మా ఊరి వకీలు దగ్గర పెద్ద నిఘంటువు ఉంది. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు, ఆయన ఇంటికి పోయి తీయించాను. పూడ్చిపెట్టడం అని ఉంది. అట్ రెస్ట్ అన్నచోట మరణించిన అని ఉంది. మిగతా మాటలు వెతకాల్సిన అవసరం లేకపోయింది.

ఆ మంగళవారమే గద్వాల నుంచి కార్డు వచ్చింది. ఈరన్న ఎవరిచేతనో తెలుగులో రాయించాడు. మూడు నెలలైనా మళ్ళీ జాబు రాలేదు, మేమే పోయి అబ్బాయిని తీసుకొస్తాం, శనివారం బండికి బయలుదేరుతున్నాం, దవాఖాన వాళ్ళకు చూపించడానికి ఇంగ్లీషులో ఒక చీటీ రాసి పంపండి సారూ అని ఉంది. ఆ రోజంతా నేను ఒక నీచమైన ఆలోచన చేశాను. చీటీ రాసి పంపితే చాలు, వాళ్ళకు అక్కడే తెలుస్తుంది, నా నోటితో చెప్పనక్కర్లేదు అనుకున్నాను. బుధవారం పొద్దున హెడ్‌మాస్టరు దగ్గర మూడు రోజుల సెలవు అడిగాను. గురువారం బయలుదేరాను.

వనపర్తి బస్సు పొద్దున ఏడు గంటలకు కచేరీ ముందు నుంచి కదులుతుందని చెబుతారు గానీ ఎనిమిది దాటకుండా నేనైతే చూడలేదు. పెట్రోలు దొరకక వెనకాల బొగ్గు పొయ్యి బిగించిన బస్సు అది. టిక్కెట్టు పన్నెండు అణాలు. ఆ పొద్దు ముసురు పట్టి ఉంది. డ్రైవరు ఖాసిం భాయ్ పొయ్యి రాజేయడానికే అరగంట తంటాలు పడ్డాడు.

“ఇవాళ గద్వాల చేరుకుంటానా భాయ్?” అని అడిగాను.

“బిజినేపల్లి దాటినంక వాగు దారిస్తే చేరుతరు సారూ. బొగ్గు తడిసింది. ఎక్కుడు ఒచ్చినప్పుడు జర దిగి నడవాలె” అన్నాడు.

రెండు మిట్టల దగ్గర దిగి నడిచాం. జొన్న చేలు పసుపుపచ్చబడి నీళ్ళలో నిలబడి ఉన్నాయి. నా పక్కన కూర్చున్న బక్కపలచటి మనిషి ఒక పట్వారీ దగ్గర రాతపని చేసేవాడు. వనపర్తి సంస్థానం కచేరీలో నౌకరీకి దరఖాస్తు పెట్టుకోవడానికి పోతున్నాడు. నేను ఇంగ్లీషు చెబుతానని తెలియగానే జేబులోంచి కాగితం తీశాడు.

“జర చూడుండ్రి సారూ. తప్పులేమన్న ఉంటే చెప్పుండ్రి.”

పదేళ్ళ నుంచి కష్టపడి పనిచేస్తున్నానని రాయబోయి, హార్డ్లీ వర్క్ చేస్తున్నానని రాశాడు. నా గోడ మీది కాగితంలో రెండో మాట. మామూలు రోజైతే బస్సులో నలుగురికీ వినపడేలా చెప్పి నవ్వేవాణ్ణి. ఆ రోజు గొంతు తగ్గించి, ఈ చివరి రెండక్షరాలు తీసేయండి, అవి ఉంటే పని చేయలేదని అర్థం వస్తుంది అన్నాను.

ఆయన కాగితం వంక చాలాసేపు చూశాడు. “పోయిన యాడాది గూడ గిట్లనే రాసి ఇచ్చిన. అందుకే పిలవలేదా ఏంది” అన్నాడు. “ఎవరు గూడ చెప్పలే.”

ఆ రెండక్షరాలు కొట్టేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వనపర్తి చేరేసరికి పన్నెండు కావస్తోంది. బస్సు దిగిన చోటికి దగ్గరలోనే ఒక పూటకూళ్ళ ఇల్లు ఉంది. నాలుగు అణాలకు అన్నం, పప్పు, గోంగూర తొక్కు పెడతారు. వేడిగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది. ఆ ఇంటి పెద్దమ్మ వడ్డిస్తూ నా విస్తరి చూసి, “ఏంది బిడ్డా, మెతుకులు లెక్క పెడుతున్నవు? పానం బాగ లేదా?” అంది. బాగానే ఉంది, పోయే పనే బాగాలేదు అన్నాను. “మంచి పనికి పోయెటోల్లు ఈ వానల ఎవరు పోతరు” అని మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

ఇక్కడ కొత్తవాళ్ళు ఒక సంగతి గమనించాలి. వనపర్తి రోడ్డు అనే రైలు స్టేషను వనపర్తిలో ఉండదు, మదనాపురం దగ్గర ఉంటుంది. జట్కాకు ఎనిమిది అణాలు ఇచ్చి దాదాపు రెండు గంటలు కూర్చోవాలి. వానలో దారి బురదైతే ఇంకో అరగంట. నేను చేరేసరికి గద్వాల వైపు పోయే బండి రానే లేదు. స్టేషను గోడకు తగిలించిన పలక మీద లేట్ అని సుద్దతో రాసి ఉంది. ఆ ఒక్క మాటే ఉంది. గంటకు పైగా ఆ పలక ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. లేట్ తిమ్మప్ప అని మనసులో ఎన్నిసార్లు చదువుకున్నానో. మొహం ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు.

బండి నాలుగు గంటలకు వచ్చింది. మూడో తరగతి టిక్కెట్టు ఆరు అణాలు. కృష్ణ మీది వంతెన దాటేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే మంచిదని అందరూ చెబుతారు. నది నిండుగా, ఎర్రగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతోంది. పెట్టెలో ఆడవాళ్ళు పైసలు విసిరి దండం పెట్టుకున్నారు. గద్వాలలో దిగేసరికి అయిదున్నర. గేటు దగ్గర టిక్కెట్టు తీసుకున్న మనిషి నన్ను గుర్తుపట్టి, “గుడ్ నైట్ సార్, ఇప్పుడే ఒస్తున్నరా” అన్నాడు. తల ఊపి బయటికి వచ్చాను.

అక్క ఇంటికి పోతే కాళ్ళు మళ్ళీ కదలవని తెలుసు. సంచీతోనే నేరుగా ఈరన్న ఇంటికి పోయాను. ముందు గదిలో గుంట మగ్గం ఖాళీగా ఉంది. దాని మీద చాప పరిచి ప్రయాణం సామాను పెట్టుకున్నారు. ఎండబెట్టిన జొన్న రొట్టెలు ఒక గుడ్డలో, తొక్కు ఒక చిన్న జాడీలో ఉన్నాయి. పక్కనే మడత విప్పని ధోవతి ఒకటి ఉంది. ఎక్కడో అరువు తెచ్చిన నూలుతో ఈరన్న తన కొడుకు కోసం నేసిందట. జ్వరంతో బట్టలు పాడై ఉంటాయని.

“రాండ్రి సారూ, కూసోండ్రి. చీటీ మీరే తెచ్చిండ్రా? ఇంత వానల ఎందుకు తిప్పలు పడ్డరు” అన్నాడు ఈరన్న.

“చీటీ తేలేదు. ఆ పాత ఉత్తరం ఒకసారి తెస్తారా?” అన్నాను.

సవారమ్మ లోపలికి పోయి తెచ్చింది. దేవుడి గూట్లో పెట్టినట్టుంది, నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంది. నా చేతికి ఇచ్చి గడప పక్కన నిలబడింది. ఉత్తరం చేతిలో ఉంది గానీ దాన్ని చూసే అవసరం నాకు లేదు. చెప్పాల్సింది దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాను. అదేదీ నోటికి రాలేదు.

“నేను తప్పు చదివాను ఈరన్నా. మీవాడు లేడు. ఆ ఉత్తరం రాసేనాటికే లేడు” అన్నాను.

ఈరన్న నా మొహం వంక అట్లాగే చూశాడు. అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. మెల్లగా మగ్గం గట్టు మీద కూర్చున్నాడు.

సవారమ్మే ముందు అడిగింది. “మంచి తావుల ఉన్నడంటిరి గద?”

“వాళ్ళు చనిపోయినవాళ్ళను అట్లా అంటారమ్మా. బాధ లేని చోటుకు పోయాడని.”

“పండుకోబెట్టిండ్రు అంటిరి.”

“పూడ్చారని అర్థం.”

ఆమె ఒక్కొక్క మాటా అడిగింది. నేను ఆ వైశాఖంలో చెప్పిన ప్రతి మాటా ఆమెకు వరసగా గుర్తుంది. నొప్పి పోయిందంటే ఏంది, సామాను భద్రంగ ఉందంటే ఏంది, దేవుడు ధైర్యం ఇయ్యాలె అంటే ఏంది. నేను ఒక్కొక్కదానికీ అసలు అర్థం చెప్పుకుంటూ పోయాను. బడిలో ఎన్నో ఏళ్ళుగా చేసే పనే. అంత కష్టమైన పాఠం ఎన్నడూ చెప్పలేదు. చివరికి ఆమె గొంతు బాగా తగ్గించి అడిగింది.

“గా పొద్దు మీకు తెల్వకపాయెనా? తెలిసి గూడ, మేం దుఃఖపడ్తమని మంచిగ చెప్పిండ్రా?”

ఆ ప్రశ్న వింటానని నేను అనుకోలేదు. అవును, జాలిపడి దాచాను అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. బహుశా ఆమెకూ కొంచెం తేలికయ్యేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“తెలియదు. తెలిసినట్టు చెప్పాను” అన్నాను.

ఆమె తల ఊపింది. లోపలికి పోయింది. లోపలి నుంచి ఏడుపు వినపడలేదు. ఏదో గిన్నె పక్కకు పెట్టిన చప్పుడు వినపడింది, అంతే. ఈరన్న నేల చూస్తూ, “పదో దినం చెయ్యలే. పిండం పెట్టలే. నీళ్ళు ఇడవలే” అన్నాడు. ఎవరితోనూ కాదు. “మూడు నెల్ల నుంచి దాహంతోని తిరుగుతుండొచ్చు పోరడు. మేం ఈడ బెల్లం బువ్వ తింటిమి.”

మరునాడు శుక్రవారం పొద్దున ఏడు గంటలకు ఈరన్న, ఆయన తమ్ముడు, కర్మ చేయించే ఒక అయ్యగారు, నలుగురు కులంవాళ్ళు కృష్ణ ఒడ్డున ఉన్న నది అగ్రహారానికి నడిచి పోయారు. గద్వాల నుంచి గంటన్నర నడక, వాన లేకపోతే బండ్లు కూడా దొరుకుతాయి. నన్ను ఎవరూ రమ్మనలేదు, రావద్దనలేదు. వెనకాల నడిచాను. కృష్ణ రాతిమెట్ల పైదాకా వచ్చి ఉంది. ఈరన్నను ఇద్దరు చేతులు పట్టుకుని నీళ్ళలోకి దించారు. చేయవలసింది అంతా అయ్యాక కొడుకు కోసం నేసిన ఆ కొత్త ధోవతి మడత విప్పి నీళ్ళలో వదిలాడు. అది కొంచెం దూరం తేలి, చుట్టుకుని, మునిగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఈరన్న నా పక్కకు వచ్చి, “కాలిస్తే ఏంది, పూడిస్తే ఏంది సారూ. మన్ను ఏసేటప్పుడు ఎవరన్న తెలుగోడు పక్కన ఉండెనో లేడో” అన్నాడు. ఆ సంగతి ఉత్తరంలో లేదు.

నేను బయలుదేరే ముందు సెలవు చెప్పడానికి పోయాను. సవారమ్మ ముంజేతులు బోసిగా ఉన్నాయి. నన్ను చూసి గోడ వైపు తిరిగింది. పోబోతుంటే వెనక నుంచి అంది.

“గా దొరసానమ్మకు ఒక కాయితం రాయుండ్రి. ఆయన ఆఖరుకు ఏం మాట్లాడిండో, ఏమడిగిండో చెప్పమనుండ్రి. గాడ తెలుగోల్లు మస్తుగున్నరంట. ఇంగిలీసుల ఒద్దు. తెలుగుల రాయిపిచ్చమనుండ్రి.”

అక్క ఇంట్లో కూర్చుని రాశాను. నర్సు వాడిన మెత్తటి మాటల్లాంటివి ఒక్కటీ వాడలేదు. అతను చనిపోయాడని మాకు తెలిసింది, ఎట్లా చనిపోయాడో, ఏమన్నాడో అతని భార్య తెలుసుకోవాలనుకుంటోంది, జవాబు తెలుగులో రాయించి పంపండి అని రాశాను. గద్వాల పోస్టుమాస్టరుకు ఇంగ్లీషు వచ్చు. ఆయనచేత ఒకసారి చదివించి, అర్థం చెప్పించుకుని, అప్పుడు డబ్బాలో వేశాను. శనివారం వచ్చిన దారినే తిరిగి వచ్చాను. ఈరన్న, సవారమ్మ ఎక్కుదామనుకున్న బండి కూడా ఆ రోజే స్టేషనులో చూశాను, కర్నూలు వైపు పోయేది, బొంబాయికి ఆ దారినే పోవాలి. ఖాళీగానే ఉంది.

జవాబు కార్తీకంలో వచ్చిందని అక్క రాసింది. షోలాపూరు నుంచి వచ్చి అదే దవాఖానలో పక్క మంచం మీద ఉండిన ఒక తెలుగు మిల్లు కూలి మనిషిని వెతికి, ఆ నర్సు అతనిచేత చెప్పించి రాయించింది. తిమ్మప్పకు జ్వరంలో తెలివి ఉండేది కాదట. ఒక్క సాయంత్రం తెలివి వచ్చి, ఊరి నుంచి జాబు వచ్చిందా అని అడిగాడట. రాలేదంటే, నూలు దొరికిందో లేదో అన్నాడట. తర్వాత మాట్లాడలేదు. పూడ్చేటప్పుడు ముగ్గురు తెలుగువాళ్ళు ఉన్నారని కూడా రాయించింది. సవారమ్మ ఆ ఉత్తరాన్ని ఒకరిచేత చదివించుకుని, మళ్ళీ వేరే వీధికి పోయి ఇంకొకరిచేత చదివించుకుందట.

ఆ తర్వాత రెండుసార్లు గద్వాల పోయాను. సవారమ్మ ఇప్పుడు వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి పనిచేస్తోంది. నేను ఎదురైతే తల దించుకుని పక్క నుంచి పోతుంది. ఈరన్న మాత్రం ఆగి, బాగున్నరా సారూ అని అడుగుతాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధ పెడుతుందో చెప్పలేను. ఆ నర్సు తప్పేమీ లేదు. చావు అనే మాట మొహం మీద కొట్టినట్టు రాయలేక, తన భాషలో ఉన్న మెత్తటి మాటలన్నీ ఏరి రాసింది. వాళ్ళ భాషలో వాటికి ఒకటే అర్థం. ఆ అర్థం నాకు తెలియదని గ్రహించడానికి ఆ రోజు నాకు ఒక్క క్షణం సరిపోయేది, ఆ ఒక్క మాట దగ్గర ఆగాను కూడా. ఆగి, ముందుకు పోయాను. ఆ క్షణంలో నా ఎదుట ఇద్దరు మనుషులు నా నోటి వంక చూస్తున్నారు. వాళ్ళు అట్లా చూడటం నాకు ఇష్టంగా ఉంది. అంతకంటే వేరే కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్క సలహా. మీకు చదువు వచ్చని తెలిస్తే బస్సులోనూ జట్కాలోనూ పూటకూళ్ళ ఇంట్లోనూ జనం కొంగుముడి విప్పి ఉత్తరాలు చేతికిస్తారు, ఈ యుద్ధం రోజుల్లో మరీ ఎక్కువగా. చదవండి. కానీ ఒక్క మాట దగ్గర తడబడినా, ఈ మాట నాకు తెలియదు అని చెప్పి ఉత్తరం తిరిగి ఇచ్చేయండి. వాళ్ళు ఇంకొకరిని వెతుక్కుంటారు.